మీగడ గీత

ఆర్లిస్ హాగెన్‌కు కాచిన పాలంటే చిన్నప్పటి నుంచీ ఏవగింపు. వాటిని పాలని కూడా అనేది కాదు, పీనుగ పాలు అనేది. దుకాణంలో కొన్న పాలడబ్బా ఎవరింట్లోనైనా కనబడితే, తనకే అవమానం జరిగినట్టు మొహం పెట్టేది. అరవై ఒక్క ఏళ్లుగా ఆ ఇంటి పొయ్యి మీద కాఫీ మరిగింది, మాంసం ఉడికింది, ఏటా ఆగస్టులో టమాటాలు కుతకుతలాడాయి గానీ, తాగే పాలు మాత్రం ఒక్కనాడూ కాగలేదు. పితికిన పాలు చల్లబడాలి, సీసాలోకి రావాలి, గ్లాసులోకి రావాలి. మధ్యలో నిప్పుకేం పని?

ఈ మాటే ఆమె ఆ బుధవారం నలుగురిలో చెప్పబోతోంది. నలుగురంటే లెక్కకు నలుగురు కాదు, మా కౌంటీ హైస్కూలు ఆటల హాలు నిండా జనం.

మా విస్కాన్సిన్ రాష్ట్రంలో పచ్చి పాలు అమ్మడం నేరం. పాడి దగ్గరికే వచ్చి అడిగినవాళ్లకు ఎప్పుడో ఒకసారి పోస్తే పరవాలేదని చట్టంలో ఒక ముక్క మాత్రం ఉంది. ఎప్పుడో ఒకసారి అంటే ఏడాదికోసారా, వారానికోసారా అని అడిగితే ఇద్దరు లాయర్లు మూడు జవాబులు చెబుతారు. ఆ గొడవ తేల్చడానికి కొత్త బిల్లొకటి వచ్చింది. రైతు తన కొట్టం దగ్గర పచ్చి పాలు ధైర్యంగా అమ్ముకోవచ్చని ఆ బిల్లు అంటుంది. ఒప్పుకోవాలా వద్దా అని శాసనసభ నుంచి ఐదుగురు సభ్యులు ఊరూరా తిరిగి జనం మాట వింటున్నారు. మా వైపు వచ్చినప్పుడు ఎవరు మాట్లాడాలన్న ప్రశ్నే రాలేదు. ఆర్లిస్ ఉండగా ఇంకొకరెందుకు?

ఆ ఉదయం కూడా ఆమె ఎప్పటిలాగే ఐదింటికి కొట్టంలోకి వెళ్లింది. ముప్ఫై ఒక్క గర్న్‌సీ ఆవులు, అన్నీ బెల్లం రంగు మీద తెల్ల మచ్చలవి. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతాయి. ఓల్గా, పెట్యూనియా, బిషప్పు గారి భార్య, మార్జరీన్. ఆ చివరిది దూడగా ఉన్నప్పుడు తన్నని మనిషి లేడు. మార్జరీన్ అంటే నూనెతో చేసే దొంగ వెన్న. ఆర్లిస్ తండ్రి సెల్మర్‌కు లోకంలో మార్జరీన్ కంటే పెద్ద తిట్టు తెలియదు కాబట్టి, ఆయన బతికుండగా ఆ పేరు ప్రతి తరంలోనూ ఒక దుష్టురాలికి దక్కేది. కూతురు ఆ ఆనవాయితీ నిలబెట్టింది.

ఆవు పొదుగు తుడుస్తుంది. మొదటి నాలుగు ధారలూ నల్ల వల ఉన్న చిన్న గిన్నెలోకి పిండి, తరకలేమైనా కనబడతాయేమోనని దీపం కింద పెట్టి చూస్తుంది. కనబడితే ఆ ఆవు పాలు వేరే. లేకపోతే చన్నులు మందులో ముంచి, తుడిచి, అప్పుడు పితికే యంత్రం గొట్టాలు తగిలిస్తుంది. నలభై ఏళ్లుగా ఒక్క ఆవుకైనా ఇందులో ఒక్క మెట్టు తప్పించలేదు. పని అయ్యాక పాలగదిలో స్టీలు ట్యాంకులోకి గీతల కడ్డీ దించి ఎంత ఉందో చూస్తుంది. సహకార సంఘం బండివాడు వచ్చేలోపు ఆ అంకె ఆమెకు నోటికి రావాలి.

పొద్దుటి పూట ఆమెది. సాయంత్రం పూట తమ్ముడు వెర్లిన్‌ది. సాయంత్రమే స్నేహితులు సీసాలు తెచ్చుకుంటారు. కొనేవాళ్లు అనకూడదు గనక మేమంతా వాళ్లను స్నేహితులు అనేవాళ్లం. సీసాల పెత్తనం మొత్తం వెర్లిన్‌దే.

ఇక్కడ మా వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. తాతల కాలంలో నార్వే నుంచి వస్తూ ఏం తెచ్చుకున్నారో తెలియదు గానీ, ఒకరు చేసిన పనిని వెనకాలే వెళ్లి ఇంకొకరు చూడటమంటే మావాళ్లకు మొహం మీద ఉమ్మినంత పని. సెల్మర్ కూడా పిల్లలకు అదే నేర్పాడు. ఒకరు పితికిన పూట ఇంకొకరు పాలగదిలోకి తొంగి చూడకూడదు. తొంగి చూశావంటే నమ్మలేదన్నమాట. నమ్మనప్పుడు ఒక కొట్టంలో ఇద్దరెందుకు? తండ్రి పోయి పద్దెనిమిదేళ్లయినా అక్కాతమ్ముళ్లు ఆ గీత దాటలేదు. మా దగ్గర మనుషులు విషమైనా తాగుతారు గానీ, ఇందులో ఏం కలిపావని మాత్రం అడగరు.

ఆర్లిస్ చేతులు కడుక్కుంటుంటే వెర్లిన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యాభై ఏడేళ్లవాడు, పెళ్లి కాలేదు. అప్పటికే ఉతికిన చొక్కా వేసుకున్నాడు, టోపీ మాత్రం చేతిలో నలుపుతున్నాడు.

"అక్కా, నువ్వు మాట్లాడకపోతేనేం? వేరేవాళ్లున్నారుగా" అన్నాడు.

"ఏరా, సిగ్గా? మాట్లాడేది నేను. నువ్వు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొడితే చాలు."

"అది కాదు. మన సంగతి ఊరందరి ముందూ ఎందుకని. నాన్నుంటే ఒప్పుకునేవాడా?"

"నాన్నుంటే నాకంటే ముందే టై కట్టుకుని లారీలో కూర్చునేవాడు. పదరా, జోన్ ప్రిబిల్ ఈసరికి ముందు వరస పట్టేసి ఉంటుంది."

వెర్లిన్ ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. చర్చిలో ఎవరైనా కాఫీ అందిస్తే, ఇచ్చిన మనిషికి కాకుండా కప్పుకు థాంక్స్ చెప్పే రకం. అటువంటివాడు ఈ ఏడాది మారిపోయాడు. పోయిన శీతాకాలం వరకు సీసాలకు వచ్చేవి పదకొండు కుటుంబాలు. ఎవరో ఫోనులో ఫొటోలు పెట్టారు, దాంతో లా క్రాస్ పట్నం నుంచి కూడా కార్లు రావడం మొదలైంది. మార్చికి నలభై మూడు కుటుంబాలయ్యాయి. చిన్న వయసు తల్లులు, చంకలో పిల్లలు, "వెర్లిన్, వెర్లిన్" అని పిలుపులు. పిల్లలు ఆవు బొమ్మలు గీసి తెస్తే, అతను పాలగది ఫ్రిజ్ తలుపు మీద వరసగా అంటించేవాడు. కొత్త చొక్కాలు రెండు కొన్నాడు. ఇన్నాళ్లకు తమ్ముడిని పేరు పెట్టి పిలిచేవాళ్లు దొరికారని ఆర్లిస్ లోలోపల మురిసిపోయింది.

మార్చిలో పదకొండు ఆవులు చూలుతో వట్టిపోయి ఉన్నప్పుడు మాత్రం ఒకసారి అడిగింది. "సీసాలకు సరిపోతున్నాయేంట్రా?"

"సరిపోతున్నాయక్కా. నేను చూసుకుంటాగా."

పొద్దున కడ్డీ దించితే, ఆ రోజుల్లో పాలిచ్చే ఆవుల లెక్కకు ట్యాంకులో పాలు తగ్గలేదు. నలభై మూడు ఇళ్లు తాగుతుంటే ట్యాంకు ఎందుకు తగ్గలేదని ఆమె ఆలోచించి ఉండాల్సింది. ఆమె ఆలోచించలేదు. ఏప్రిల్ వచ్చాక కొత్త గడ్డి మహిమ అనుకుంది. నేను చూసుకుంటాగా అన్న మాట నమ్మి నిశ్చింతగా పడుకున్నవాళ్లలో ఆమె మొదటిదీ కాదు, ఆఖరిదీ కాదు.

ఆటల హాల్లో కుర్చీలు చాలక సగం జనం మెట్ల మీద కూర్చున్నారు. గోడల మీద బాస్కెట్‌బాల్ జెండాలు, కింద ఐదుగురు సభ్యులకు పొడవాటి బల్ల. చర్చి ఆడవాళ్లు తెచ్చిన తీపి బిళ్లలు ఒక మూల. బిల్లు కావాలన్నవాళ్లు కుడి పక్క, వద్దన్నవాళ్లు ఎడమ పక్క కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, పెళ్లిలో రెండు వైపుల చుట్టాల్లాగా వాళ్లే అలా సర్దుకున్నారు.

ముందు జోన్ ప్రిబిల్ లేచింది. కౌంటీ ఆరోగ్య శాఖలో నర్సు, ఆర్లిస్ ఈడుదే. పదిహేనేళ్ల వయసులో ఇద్దరూ సంతలో పెయ్యల పోటీకి దిగినప్పుడు ఆర్లిస్‌కు మొదటి బహుమతి, జోన్‌కు రెండోది వచ్చింది. ఆ బహుమతి గురించి ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు, ఇద్దరూ వేరువేరుగా చెబుతారు.

జోన్ కాగితం చూడలేదు. "ఆరేళ్ల పిల్లాడండీ. పచ్చి పాలు తాగాడు. పది రోజుల్లో మూత్రపిండాలు పోయాయి. పోసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, మా చర్చివాళ్లే. శుభ్రమైన కొట్టం, మంచి ఆవులు. ఏదో ఒక పూట ఏదో ఒకటి తప్పింది. ఏది తప్పిందో వాళ్లకు ఇప్పటికీ తెలియదు. ఆ పూట పాలు కాచి ఉంటే ఆ పిల్లాడు ఇప్పుడు బడికి పోతుండేవాడు. నేను చెప్పేది ఇంతే."

ఆర్లిస్ లేచి మైకు దగ్గరికి వెళ్లింది. ఆమెకు మాటలు వెతుక్కునే అవసరం ఎప్పుడూ లేదు.

"జోన్ చెప్పింది విని నా కడుపు కూడా తరుక్కుపోయింది. కానీ ఒక వంటింట్లో అన్నం మాడిందని ఊళ్లో పొయ్యిలన్నీ ఆర్పేస్తామా? నా దగ్గర ముప్ఫై ఒక్క ఆవులున్నాయి. ఏది ఏ రోజు ఈనిందో, దేని పొదుగు ఎప్పుడు వాచిందో చెప్పమంటే ఇక్కడే చెబుతా. దుకాణంలో కొనే డబ్బాలో ఎన్ని వేల ఆవుల పాలున్నాయో మీకెవరైనా చెప్పగలరా? మంచి పాలంటే ఏంటో తెలుసా? ఎవరు పితికారో, ఎక్కడ పితికారో తెలిసిన పాలు. నా సీసాలో నా ఆవుల పాలు తప్ప ఇంకొక చుక్క ఉండదు. మా నాన్న మీద ఒట్టు."

కుడి పక్క చప్పట్లు మోగాయి. బల్ల మధ్యలో కూర్చున్న బట్టతల సభ్యుడు ఇంకేమైనా అడుగుతారా అన్నట్టు చూశాడు. జోన్ కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తింది.

"ఆర్లిస్, నీ మీద నాకు అనుమానం లేదే. నువ్వు పోస్తే నేనూ తాగుతానేమో. కానీ చట్టం నీ ఒక్కదాని కోసం రాయరుగా. నువ్వు చూడనప్పుడు ఆ సీసా ఎవరి చేతిలో ఉంటుంది?"

"నా తమ్ముడి చేతిలో. వాణ్ణి కూడా నమ్మకపోతే, ఇంక నేను ఈ భూమ్మీద ఎవర్ని నమ్మాలే?"

హాలంతా నవ్వింది. ఎడమ పక్కవాళ్లు కూడా కొందరు నవ్వారు. జోన్ చిన్నగా తల ఊపి చెయ్యి దించింది.

ఆ తర్వాత బ్రెన్నా అనే అమ్మాయి వచ్చింది. లా క్రాస్ నుంచి ప్రతి మంగళవారం వచ్చే తల్లి, చంకలో ఏడాదిన్నర పాప మేవ్. పాప చేతిలో మూతి ఉన్న ప్లాస్టిక్ కప్పు. బ్రెన్నా ఇంకో చేత్తో పాల సీసా ఎత్తి సభ్యులకు చూపించింది. మూత మీద అంటించిన కాగితపు పట్టీ మీద వెర్లిన్ గుండ్రటి అక్షరాల్లో ఆమె పేరు ఉంది.

"ఇదిగోండి ఆర్లిస్ గారి పాలు. నిన్న సాయంత్రం రెండు సీసాలు తెచ్చుకున్నా. ఒకటి మా పాప తాగుతోంది, ఇది మీకు చూపిద్దామని మూత కూడా తీయలేదు. చూడండి, మీగడ ఎలా కట్టిందో!"

ఆర్లిస్ తన కుర్చీలోంచి నవ్వుతూ అటు చూసింది.

గర్న్‌సీ పాలు ఒక రాత్రంతా కదలకుండా ఉంటే సీసా పైన నాలుగు వేళ్ల మందాన మీగడ కడుతుంది. జూన్ నెలలో, ఆవులు బయట పచ్చిక మేసే రోజుల్లో, ఆ మీగడ పసుపు చేమంతి రంగుకు తిరుగుతుంది. బ్రెన్నా ఎత్తి పట్టుకున్న సీసాలో మీగడ రెండు వేళ్లకు మించి లేదు. అది కూడా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఆ మీగడ గీత ఎక్కడుండాలో ఆమెకు తన చెవులు ఎక్కడున్నాయో తెలిసినంత బాగా తెలుసు. అది అక్కడ లేదు.

ముందు కళ్లజోడు తప్పనుకుంది. తర్వాత ఆ దీపాల తప్పనుకుంది. లేచి వెళ్లి, "ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అని సీసా తీసుకుంది.

"మీగడేమైనా తీశావా?"

"లేదండీ, చెప్పాగా, మూతే తీయలేదు" అంది బ్రెన్నా నవ్వుతూ.

ఆర్లిస్ మూత తిప్పి వాసన చూసింది. పచ్చిక మేసిన పాల వాసన కాదు. పులియబెట్టిన మొక్కజొన్న మేత వాసన. కొండకు అవతల స్కోగ్లండ్ వాళ్ల షెడ్లు ఉన్నాయి, రెండు వేల నలుపూ తెలుపూ హోల్‌స్టీన్ ఆవులు, గడప దాటి గడ్డి తొక్కనివి. ఆ పాలలో తప్పేమీ లేదు. అవి కాచడానికని పితికే పాలు. కాస్తారన్న ధీమాతోనే అక్కడ పితుకుతారు. వెర్లిన్ మధ్యాహ్నాలు మేత బండి తోలడానికి వెళ్లేది అక్కడికే.

ఆమె తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది. వెర్లిన్ తన టోపీ లోపలికి చూస్తున్నాడు. అందులో ఏదో రాసి ఉన్నట్టు, అది చదవకపోతే కొంప మునిగేటట్టు చూస్తున్నాడు. ఇంక అడగాల్సింది ఏమీ లేకపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రెండు వేళ్ల మీగడ పట్టించింది.

ఆ క్షణాన ఆమె నోరు మూసుకుని ఉండొచ్చు. సీసా తిరిగి ఇచ్చేసి, "బాగుందమ్మా" అని కూర్చుంటే ఆ హాల్లో పట్టుకోగలిగినవాళ్లు నలుగురైదుగురు, వాళ్లూ దూరంగా ఉన్నారు. బట్టతల సభ్యుడు ఏదో రాసుకుంటున్నాడు, మొహం సుముఖంగానే ఉంది. తమ్ముడి పరువు, తండ్రి పేరు, పద్దెనిమిది నెలలుగా బిల్లు కోసం తను తిరిగి తిరిగి కూడగట్టిన జనం, అన్నీ ఆ ఒక్క మౌనంతో నిలిచిపోతాయి. ఇంటికి వెళ్లాక వాడి సంగతి వాడితో తేల్చుకోవచ్చు. ఇదంతా ఆమెకు తోచింది, తోచలేదంటే అబద్ధం.

మేవ్ కప్పు పైకెత్తి మూతి నోట్లో పెట్టుకుంది.

ఆర్లిస్ రెండడుగుల్లో వెళ్లి పాప చేతిలోంచి కప్పు లాక్కుంది. పాప ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ పైన హాలు దద్దరిల్లేలా ఏడుపు అందుకుంది.

"ఏంటండీ ఇది!" అంది బ్రెన్నా.

"తాగించకమ్మా. ఇవి నా పాలు కావు."

మైకు దగ్గర్లోనే ఉంది. ఆ మాట అందరికీ వినబడింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆర్లిస్ మైకు వైపు తిరిగి మళ్లీ చెప్పింది. "ఇందాక నేను ఒట్టేసి చెప్పింది అబద్ధం. అబద్ధమని నాకు తెలియదు. ఈ సీసాలో ఉన్నవి మా ఆవుల పాలు కావు. నా దగ్గర సీసాలు తీసుకెళ్లినవాళ్లు ఎవరూ వాటిని పిల్లలకు పట్టొద్దు. పారబోసేయండి."

కుడి పక్క నుంచి ఎవరో "వెర్లిన్!" అని అరిచారు. అంతకు ముందు అతన్ని అంత ముద్దుగా పిలిచిన గొంతే అది.

జోన్ గెలిచినట్టు మొహం పెట్టి ఉంటే ఆర్లిస్‌కు ఎంతో తేలికయ్యేది. ఆమె అలా చేయలేదు. సంచీలోంచి మూతలున్న చిన్న సీసాలు తీసి, కప్పులోవీ సీసాలోవీ పరీక్షకు కావలసినన్ని పోసుకుంది. "ఎన్నాళ్ల నుంచి?" అని మెల్లగా అడిగింది.

"నాకు తెలియదు" అంది ఆర్లిస్. తన కొట్టం గురించి ఆ మాట అనడం ఆమె బతుకులో అదే మొదలు.

జోన్ వెర్లిన్ దగ్గరికి వెళ్లి ఇళ్ల జాబితా కావాలంది. కాగితమేదీ లేదన్నాడు. నేల చూపులు చూస్తూనే నోటితో అప్పజెప్పాడు. నలభై మూడు ఇళ్లు, ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలు, వాళ్ల పేర్లు, వయసులు. ఒక్కటి కూడా తడబడలేదు. పక్కనే నిలబడి విన్న ఆర్లిస్‌కు అన్నిటికంటే అదే ఎక్కువ మండింది. పేరుపేరునా తెలిసిన పిల్లలకే పోశాడన్నమాట.

వచ్చింది ఒకే లారీలో కాబట్టి వెళ్లడమూ అందులోనే. బ్రెన్నా సీసా వెనక్కి తీసుకోలేదు, దాన్ని ముట్టుకోను కూడా లేదు. ఆర్లిస్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మలుపు మలుపుకూ పాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. తొమ్మిది మైళ్లు ఎవరూ నోరు విప్పలేదు. మా వైపు తొమ్మిది మైళ్ల మౌనం వింతేమీ కాదు గానీ, ఇది ఆ రకం కాదు.

"ఎన్నాళ్ల నుంచిరా?" అంది చివరికి.

"మార్చి నుంచి. అందరికీ కాదక్కా. కొత్తగా వచ్చినవాళ్లకే."

"ఎందుకు?"

"లేవని చెప్పలేకపోయా. అంత దూరం నుంచి వస్తారు, పిల్లల్ని ఎత్తుకుని. ఆ పిల్లలు నన్ను చూసి చేతులు చాస్తారక్కా. ఖాళీ సీసాలిచ్చి పంపమంటావా?"

"అవునురా. ఖాళీ సీసాలే ఇచ్చి పంపమంటా. పోనీ ట్యాంకులోంచి పోసి చావలేకపోయావా?"

"ట్యాంకు తగ్గితే నువ్వు పొద్దున కడ్డీ పెట్టి పట్టేస్తావుగా. కొత్తవాళ్లను రావద్దనమంటావు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. తను కడ్డీ పెట్టి చూసేది ట్యాంకులోకే. సీసాలు తమ్ముడివి కాబట్టి వాటి వంక చూడటం తప్పనుకుంది. వీడు ఆ మర్యాదనే అడ్డం పెట్టుకున్నాడు. నాన్న నేర్పిన మర్యాద! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. ఆమెకు ఏడవాలనిపించలేదు, వాణ్ణి లారీలోంచి తోసేయాలనిపించింది.

"పాలు పాలే కదక్కా. ఇన్నాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు వెర్లిన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"డోరిస్‌కి ఏవి పోశావు?"

డోరిస్ లుండె పక్క పొలంలో ఉండే ముసలావిడ, యాభై ఏళ్లు పాడి చేసి మానుకుంది. వెర్లిన్ గేరు మార్చాడు.

"డోరిస్‌కి ఏవి పోశావురా?"

"ట్యాంకువి."

"ఎందుకో?"

"ఆవిడ గుర్తుపడుతుంది."

తెల్లనివన్నీ పాలని నమ్మేవాళ్లకు ఒకటి, రంగు తెలిసినవాళ్లకు ఒకటి.

ఇల్లు చేరగానే ఆర్లిస్ వంటింట్లోకి వెళ్లి బ్రెన్నా సీసాను బల్ల మీద పెట్టింది. ఏదో తట్టి ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో, ఎప్పుడూ ఉండే చోట, ఇంటి సీసా ఉంది. ప్రతి సాయంత్రం పని ముగించుకుని వెర్లిన్ తెచ్చి పెట్టేది అదే. నిన్న సాయంత్రం నింపినదే, బ్రెన్నా సీసాతో పాటు, అదే గదిలో, అదే చేత్తో. దాన్ని తీసి బల్ల మీద పక్కన పెట్టింది.

నాలుగు వేళ్ల మీగడ. పసుపు చేమంతి రంగు.

గుమ్మంలో నిలబడ్డ వెర్లిన్ రెండు సీసాలనూ చూశాడు.

"పాలు పాలే అన్నావుగా?" అంది ఆర్లిస్. "మరి మనింటికి ఇవెందుకు తెచ్చావు?"

"అది... అలవాటక్కా."

"అలవాటు కాదురా. నీకు తెలుసు. తెలియక చేశావనుకుంటే రేపటికో ఎల్లుండికో నా కోపం పోయేదేమో. నీ గ్లాసులోకి ఏవి రావాలో, ఆ పసిదాని కప్పులోకి ఏవి పోయాలో ప్రతి రోజూ నిలబడి ఏరావు."

వెర్లిన్ టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

మధ్యాహ్నమంతా ఆర్లిస్ ఫోను దగ్గరే కూర్చుంది. జోన్ పంపిన జాబితా పట్టుకుని ప్రతి ఇంటికీ తనే చెప్పింది. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఒకావిడ కేసు పెడతానంది. "పెట్టమ్మా, పెట్టాల్సిందే" అంది ఆర్లిస్. ఇంకొకాయన అంతా విని, "అయితే వచ్చే మంగళవారం పాలుంటాయా, ఉండవా?" అని అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలో తెలియక ఫోను పెట్టేసింది. బ్రెన్నా ఫోను ఎత్తలేదు. సాయంత్రం కాకముందే జోన్ కబురు పంపింది. మేవ్‌ను డాక్టరు చూశాడట, ఇప్పటికైతే బాగానే ఉందట, పది రోజులు కనిపెట్టి ఉండాలట. ఆర్లిస్ గోడ మీది క్యాలెండర్లో పది రోజుల చుట్టూ గీత గీసింది.

ఐదింటికి కొట్టంలో మోటారు మోగడం వినబడింది. సాయంత్రం పూట వెర్లిన్‌ది. ఆవులకు మనుషుల గొడవలు పట్టవు, వేళకు పితకాల్సిందే. వంటింటి కిటికీలోంచి పాలగది తలుపు కనబడుతుంది. ఒకసారి లేచి గడప దాకా వెళ్లింది. వెళ్లి చూడాలనిపించింది. నలభై ఏళ్లలో లేని బుద్ధి అది. మళ్లీ వచ్చి కూర్చుంది.

ఏడింటికి వెర్లిన్ వచ్చాడు. ఎప్పటిలాగే చేతిలో ఇంటి సీసా ఉంది, ఇంకా వెచ్చదనం పోని పాలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

ఆర్లిస్ లేచింది. అల్మరాలో అడుగున ఉన్న గిన్నె తీసింది. సీసా మూత తిప్పి పాలన్నీ అందులోకి వంపి, పొయ్యి మీద పెట్టి మంట వెలిగించింది.

వెర్లిన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అక్కా, అవి మనవే. ఓల్గావీ మార్జరీన్‌వీ. నాన్న మీద ఒట్టు."

"మనవేనని నాకు తెలుసు."

"మరి ఎందుకు కాస్తున్నావు?"

"నువ్వు పోశావు కాబట్టి."

పాల అంచున చిన్న చిన్న బుడగలు లేచాయి. ఆర్లిస్ గరిటె పట్టుకుని, గిన్నె మీంచి చూపు తిప్పకుండా, అవి పొంగేదాకా అక్కడే నిలబడింది.